మిషను చుట్టూ కట్టిన ఇల్లు: భువనగిరిలో ఒకటిన్నర రోజు

మా హైస్కూల్లో లెక్కలు చెప్పే మాస్టారిది భువనగిరి. దసరా సెలవులిచ్చే ముందు రోజు టీచర్ల గదిలో టీ తాగుతూ ఆయన ఒక మాట అన్నాడు. "మా ఊర్ల పేపర్ అచ్చేసే ఇల్లొకటున్నది సార్. ముందుగాల మిషన్ పెట్టిండ్రు, ఎనక దాని సుట్టు ఇల్లు కట్టిండ్రు. ఇప్పుడు పాత మిషన్ బయటికి రాదు, కొత్తది లోపటికి పోదు. సోమారం నాడు ముందటి గోడ పలగ్గొడ్తరట." అందరం నవ్వాం. ఇంటికి వెళ్ళాక నవ్వు పోయి దురద మిగిలింది. నేను పిల్లలకు డ్రాయింగు చెప్పేవాణ్ణి. గోడ కనబడితే గొడుగు పిడితో తట్టి చూడటం నాకున్న జబ్బు. ఇల్లు కట్టి సామాను పెట్టుకునేవాళ్ళను చూశాను గానీ, సామాను పెట్టి ఇల్లు కట్టుకున్నవాళ్ళను మా బందరులో చూడలేదు, ఈ హైదరాబాదుకు వచ్చి అయిదేళ్ళయింది, ఇక్కడా చూడలేదు. "సెలవులకి బందరు వెళ్దామన్నారుగా" అని మా ఆవిడ గుర్తు చేసింది. "బందరు ఎక్కడికీ పోదు, ఆ గోడ సోమవారం పోతుంది" అన్నాను. ఆవిడ టిఫిను డబ్బాలో పులిహోర మాత్రం పెట్టింది.

వెళ్ళాలనుకునేవాళ్ళ కోసం దారి చెబుతాను. సికింద్రాబాదులో పొద్దున్నే కాజీపేట వైపు పోయే పాసింజరు ఎక్కాలి. మూడో తరగతి టిక్కెట్టు రూపాయిలోపే. బస్సు కూడా ఉంది గానీ అది కదిలేదాకా నమ్మకం లేదు, కదిలాక నడుముకు నమ్మకం లేదు. రైలు ప్రతి స్టేషన్లోనూ బంధువుల ఇంటికొచ్చినట్టు ఆగుతుంది. బీబీనగర్ దాటాక కాసేపటికి కిటికీలోంచి భువనగిరి గుట్ట కనిపిస్తుంది. గుట్ట అంటే చెట్లూ పొదలూ ఉన్న గుట్ట కాదు. ఊరి మీద పెద్ద కుండ బోర్లించినట్టు ఒకటే రాయి, దాని నెత్తిన కోట. ఎనిమిదిన్నరకు దిగాను. స్టేషను బయట జట్కాలు నాలుగు నిలబడి ఉన్నాయి. మొదటి జట్కా యాదగిరిది. నా గొడుగూ డబ్బా చూసి "ఖిలా ఎక్కుతరా సారు?" అన్నాడు.

"కోట కాదయ్యా, పేపరు అచ్చేసే ఇల్లు చూడాలి."

"మంగళారం పేపరు ఇల్లా? గోడ సూడనీకి ఒచ్చిండ్రా?" అని పకపకా నవ్వాడు. "ఎక్కుండ్రి. పావలా ఇయ్యుండ్రి."

దారిలో అతనే చెప్పాడు. ఆ వారపత్రికకు పైన పెద్ద పేరే అచ్చయి ఉంటుందట గానీ ఊళ్ళో ఎవరూ ఆ పేరుతో పిలవరు. మంగళవారం అంగడి రోజు వస్తుంది కాబట్టి మంగళారం పేపరు. "నాకు సదువు రాదు సారూ. అయినా పెండ్లయిన సంది ఒక్క మంగళారం గూడ ఇడువలే" అన్నాడు. చదువు రాకుండా పేపరు చదవడమేమిటని అడిగితే గుర్రాన్ని అదిలిస్తూ "సదువుడు ఎవనికి గావాలె? ఇంట" అన్నాడు. ఆ మాట నాకప్పుడు అర్థం కాలేదు.

ఇల్లు గుట్ట కింద అంగడి వీధిలో ఉంది. మొదటిసారి చూసినప్పుడు ఎవరో దొర తన గడీని సగం కట్టి మానేశాడనుకున్నాను. నడుము ఎత్తు దాకా ఆ గుట్ట రాయే, చెక్కి పేర్చింది. ఆ పైన గానుగ సున్నంతో నున్నగా గిలాబు పూసిన గోడ. నిజాం జమానాలో వేసిన ఆ గిలాబు ఇప్పటికీ అరచేత్తో రాస్తే అద్దంలా జారుతోంది. వీధి పొడవునా రాతి అరుగు, అరుగు మీద నాలుగు టేకు స్తంభాలు, పైన గూనపెంకులు. రెండు వైపులా రెండు తలుపులు. చెప్పొద్దూ, ఆ తలుపులు చూస్తే నవ్వొచ్చింది. పొట్టివాణ్ణి నేనే తల వంచాలి. ఇంత గోడకు అంత తలుపులేమిటి? వాటికన్నా వింత ఆ రెండు తలుపుల మధ్యన ఉంది. మనిషిన్నర ఎత్తున గోడలోకి లోతుగా తొలిచినట్టున్న ఒక కమాను. పైభాగం సగం గుమ్మటంలా గుండ్రంగా లోపలికి ఒంగి ఉంది. అందులో తలుపు లేదు, దేవుడి విగ్రహం లేదు, దీపం పెట్టిన మసి కూడా లేదు.

ఎదుటి చాయ్ హోటలాయన్ను అడిగితే "దర్వాజ పెడ్దామనుకొని మరిచిండ్రేమో" అన్నాడు. చాయ్ తాగుతున్న ఇంకొకాయన దేవుణ్ణి పెట్టడానికన్నాడు. యాదగిరి ఇద్దర్నీ కసిరాడు. "గీ ఊర్లె పుట్టి గింత తెల్వదా? గది సదివే జాగ సారు. మీరు అండ్ల నిలవడి మెల్లగ ఏమన్న అనుండ్రి" అని నన్ను కమానులో నిలబెట్టి, తను వీధి దాటి అవతల జనం కూర్చునే రాళ్ళ దగ్గరికి వెళ్ళాడు. నలభై అడుగులుంటుంది. మధ్యలో బండి ఒకటి పోతోంది. నేను పక్కవాడితో చెప్పినట్టుగా "డబ్బాలో పులిహోర ఉంది" అన్నాను. అవతలి నుంచి యాదగిరి "మాకు గూడ జర పెట్టుండ్రి!" అని కేక వేశాడు. ఆ లోతూ, ఆ ఒంపూ, ఆ నున్నటి గిలాబూ అన్నీ గొంతును పట్టి వీధిలోకి విసరడానికే. పేపరు చదవలేనివాళ్ళ కోసం పేపరు ఇంటికి ఒక నోరు పెట్టి కట్టాడు ఎవడో మహానుభావుడు! పులిహోరలో సగం యాదగిరికే పోయింది, మాట ప్రకారం.

మేమలా తింటూండగానే మేస్త్రీ బాలయ్య గడ్డపారతో వచ్చి, బొగ్గుముక్కతో ఆ కమాను లోపలి గోడ మీద నిలువుగా రెండు గీతలు గీశాడు. నేను డబ్బా పక్కన పెట్టి లేచాను. "ఇదా? పగలగొట్టేది ఇదా?" అన్నాను. "ఇదే సారు. అన్నిటికి పల్చని గోడ ఇదే" అన్నాడు బాలయ్య.

అప్పుడే పత్రిక యజమానీ సంపాదకుడూ అయిన నర్సయ్య గారు బయటికొచ్చారు. యాభైకి దగ్గర మనిషి, జేబు నిండా కలాలు, వేళ్ళ నిండా సిరా. నేను హైదరాబాదు నుంచి ఇల్లు చూడటానికొచ్చానంటే మర్యాదగానే లోపలికి తీసుకెళ్ళారు. ముందర టైపు పేర్చే గది, దాని వెనుక తడిక అవతల పెద్ద హాలు. హాలు నడుమ బండరాతి దిమ్మ మీద ఆ మిషను కూర్చుని ఉంది, నల్లగా, ఏనుగు పిల్లంత. పెంకుల మధ్య అక్కడక్కడా గాజుపెంకులు వేయడం వల్ల వెలుతురు సరిగ్గా కాగితం పడేచోట పడుతోంది. గోడలు మూడు అడుగుల మందం. తలుపు వెడల్పు రెండున్నర అడుగులు. మిషను వెడల్పు నేను గొడుగుతో కొలిచాను, అయిదు అడుగుల పైనే ఉంది.

"మీ నాన్నగారు కొలవలేదాండీ?" అన్నాను.

"దర్వాజలు వాస్తు ప్రకారం పెట్టిండ్రు సార్. మిషన్ ప్రకారం ఎవలు పెడ్తరు?" అని నర్సయ్య గారు నవ్వారు. జరిగింది చెప్పారు. వాళ్ళది నేత ఇల్లు. తండ్రి వీరయ్య గారు మగ్గం మీద కూర్చుని చదువు నేర్చుకుని, పత్రిక పెడతానని పట్టుబట్టాడు. సెకండు హాండు మిషను ఒకటి దొరికిందని పునాదులు లేవకముందే ఎద్దుబండ్ల మీద తెచ్చేశాడు. తెచ్చిన మూడోనాడే వాన పట్టుకుంది. ఇనుము తుప్పు పడుతుందని దిమ్మ మీద పెట్టి, పైన తాటాకు పందిరి వేసి, ఆ పందిరి చుట్టూ గోడలు లేపారు. కప్పు పడ్డాక గానీ ఎవరికీ తట్టలేదు, ఇది బయటికి ఎలా వస్తుందని. "బయటికి ఎందుకొస్తది, మనం సచ్చేదాక ఈడనే ఉంటది అన్నడట మా బాపు. గాయిన అన్నట్టే గాయిన పోయిండు, మిషన్ ఉన్నది" అన్నారు.

ఇప్పుడు మిషను కూడా పోయేలా ఉంది. పళ్ళచక్రం మూడుసార్లు అతికించారు, నాలుగోసారి అతకదట. పోయిన నెలలో రెండు వారాలు పేపరు రాలేదు. కొత్త మిషను లారీలో వచ్చి అంగడి వీధి చివర నిలబడి ఉంది. రేపు మంగళవారం, తెల్లారేసరికి వీధంతా మేకలూ గొర్రెలూ కూరగాయల గంపలే. లారీవాడు సాయంత్రంలోగా దించకపోతే తిరిగి తీసుకుపోతానంటున్నాడు. మిషను తిరిగిపోతే పేపరు ఆగిపోయినట్టే. నేను ఊరుకోలేక తగుదునమ్మా అని సలహాలు మొదలుపెట్టాను. పైకప్పు విప్పి దించితే? దూలాలు తీస్తే ఇల్లే దిగుతుందన్నాడు బాలయ్య. తూర్పు గోడ? అది పక్కింటివాళ్ళతో ఉమ్మడి గోడ, పడమటిదీ అంతే. వెనక గోడ? మూడడుగుల రాయి, రెండు రోజుల పని, పైగా దానవతల నర్సయ్య గారి తల్లి మగ్గం. "మరి ఆ కమాను పోతే అంగడివాళ్ళు ఎలా వింటారండీ?" అన్నాను.

నర్సయ్య గారి మొహం మారింది. "సార్, మీరు సూసి పోతరు. మేం ఇండ్లనే బతకాలె. కమాను ఉండి పేపర్ లేకపోతే అండ్ల నిలవడి ఏం సదువాలె, నా మొకమా? మా బాపు నిలవడ్డ జాగ అది. పలగ్గొట్టాల్నంటే నాకు పానం ఒప్పుతదా?" నాకు సిగ్గేసింది. ఒక మూలకెళ్ళి నిలబడ్డాను. భోజనాలయ్యాక రెండింటికి పని మొదలుపెడదామని బాలయ్య గడ్డపార గోడకు ఆనించాడు.

భోజనం నర్సయ్య గారి తల్లి సత్తెమ్మ గారు పెట్టారు. డెబ్బై దాటిన మనిషి. హాలు వెనక గోడకు ఆనుకుని తడికలతో కట్టిన పాకలో ఆవిడ మగ్గం. మగ్గం అంటే పైన కనిపించేది కాదు. నేలలో నడుము లోతు గుంట తవ్వి ఉంటుంది, అందులో కాళ్ళు పెట్టి కూర్చుని నేస్తారు. మాకు జొన్నరొట్టే, పుంటికూరా పెట్టి ఆవిడ మళ్ళీ గుంటలోకి దిగింది. "గోంగూర బాగుందవ్వా" అన్నాను. "గోంగూర ఏంది? పుంటికూర అది. ఆంధ్రల ఉప్పుని గూడ ఇంకేమన్న అంటరా?" అని నవ్వింది. ఇల్లు కట్టిన సంగతులు అడిగాను. చిత్రమేమిటంటే, ఆ గోడ గురించి వారం రోజులుగా ఊరంతా మాట్లాడుతోంది గానీ, ఆ గోడకు సున్నం మోసిన ఈ మనిషిని ఎవరూ ఒక్క మాట అడగలేదు. సున్నంలో బెల్లం నీళ్ళూ కరక్కాయ నీళ్ళూ కలపడం, కమాను గిలాబును గాజుపెంకుతో మూడు రోజులు రుద్దడం, అన్నీ నిన్న జరిగినట్టు చెప్పింది. ఆ కమాను ఒంపు కట్టిన మేస్త్రీ ఒక్కొక్క రాయి పెట్టినప్పుడల్లా వీరయ్య గారిని అందులో నిలబెట్టి ఏదో ఒకటి పలకమనేవాడట.

వింటూ వింటూ నేను అలవాటు చొప్పున పక్కనున్న హాలు వెనక గోడను గొడుగు పిడితో తట్టాను. టక్కుమంది. రెండడుగులు జరిగి తట్టాను. మొద్దుగా, తడిసిన డోలులా మోగింది. ఇంకో ఆరేడడుగులు పోయాక మళ్ళీ టక్కు. నేను వెనక్కి వచ్చి గోడకు వేలాడుతున్న నూలు చిలపలు పక్కకు జరిపి చూశాను. గిలాబులో సన్నటి గీత, నేల నుంచి తలపై దాకా, మేస్త్రీ తూకపుగుండు వేలాడదీసినంత నిటారుగా ఉంది. పగుళ్ళు అలా నిటారుగా రావు.

సత్తెమ్మ గారి చేతిలో పోగు పరిచే నాడె ఆగిపోయింది. "గోడలు గొట్టే రోగమేంది బిడ్డా నీకు?" అంది. తర్వాత నాలుగు పోగులు వేసింది. ఆఖరికి తనే అడిగింది. "గా కమాను పోతే మల్ల కట్టొస్తదా?"

"రాదవ్వా. అలా కట్టే చెయ్యి ఇప్పుడు నాకు తెలిసి లేదు" అన్నాను. నిజమే చెప్పాను.

ఆవిడ ఇంకో నాలుగు పోగులు వేసింది. వేసి, నాడె పక్కన పెట్టి, "ఓ నర్సయ్యా!" అని పిలిచింది. కొడుకూ బాలయ్యా ఇద్దరూ వచ్చారు. "ఈ గోడల దర్వాజ ఉన్నది. గీడికెల్లి గాడి దాక మట్టితోని పేర్చింది, సున్నం లేదు. నేనే మట్టి మోసిన. మిషన్ లోపట చిక్కిందని తెల్సినంక మీ బాపు గోడ ఇప్పి మల్ల కట్టిచ్చిండు. ముడి ఏసేటప్పుడే ఇప్పే కొస ఇడిచిపెట్టాలె, గది నేసెటోని తెలివి అన్నడు."

నర్సయ్య గారు గోడ వంకా తల్లి వంకా చూశారు. "మరి ఇన్నొద్దులు ఎందుకు జెప్పలే అవ్వా?" అన్నారు. అడిగాక ఆయన చూపు గుంట మీద పడింది. గుంట సరిగ్గా ఆ గోడ ముందరే ఉంది. మిషను బయటికి రావాలన్నా, కొత్తది లోపలికి పోవాలన్నా దాని మీంచే పోవాలి.

నాకు అర్థం కాలేదు. "దానిదేముంది, టేకు పలకలు పరిస్తే సరి" అన్నాను. బాలయ్య నా వైపు జాలిగా చూశాడు. పలకలు కాదు, గుంట అంచులే కూలుతాయట ఆ బరువుకు. అయితే ఇసుకతో నింపి, మర్నాడు తీసేసుకోవచ్చుగా అన్నాను. నర్సయ్య గారు నన్ను పక్కకు తీసుకెళ్ళి చెప్పారు. నేత ఇంట్లో మగ్గం గుంటను ఊరికే పూడ్చరు. ఆ ఇంట నేత అయిపోయిందని తేలినప్పుడే పూడుస్తారు. పూడ్చినదాన్ని మళ్ళీ తవ్వి కూర్చోరు. ఆ గుంట సత్తెమ్మ గారి మామగారు తవ్వింది, ఆవిడ కాపురానికొచ్చిన నాటి నుంచి అందులోనే నేస్తోంది. ఆవిడ తర్వాత ఆ ఇంట్లో నేసేవాళ్ళు లేరు. "రెండింట్ల ఏదో ఒకటి పోవాలె. నేను కమానే పోనిస్త సార్. అవ్వను గుంటలకెల్లి లెవ్వుమని నేను అనలేను" అన్నారాయన.

అనాల్సిన అవసరం రాలేదు. మేం తిరిగొచ్చేసరికి ఆవిడే లేచి గుంటలోంచి పైకి వచ్చి గట్టు మీద నిలబడి ఉంది. "ఇంకెన్నేండ్లు నేస్త నేను? కండ్లు గూడ ఆనుతలేవు. అంగడికి ఎంతమందొస్తరు? గుంటల కూసునేది నేనొక్కదాన్ని" అంది. వాడలోని సాలెలు నలుగురు వచ్చి, సగం నేసిన పడుగును పోగు తెగకుండా విప్పి, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు చేతుల మీద పక్కింటి మగ్గానికి మోసుకుపోయారు. వాగు ఇసుక బండి వచ్చింది. మొదటి గంప కూలివాడు ఎత్తబోతే సత్తెమ్మ గారు ఆపింది. "ఎవలు పొయ్యద్దు. నా గుంట నేనే పూడుస్త" అని గుంటకు దండం పెట్టి మొదటి గంప తనే పోసింది. నర్సయ్య గారు చిన్నపిల్లాడిలా ఏడ్చారు. నాకు ఆ గోడను తట్టకుండా ఉంటే బాగుండునా అనిపించింది, ఇప్పటికీ ఒక్కొక్కసారి అనిపిస్తుంది. "రేపు తీసేస్తే మళ్ళీ గుంటేగా అవ్వా" అన్నాను, ఓదార్పుకు. "తవ్వితే గుంటయితది బిడ్డా. మగ్గం గుంట గాదు" అంది.

గోడ విప్పడానికి రెండు గంటలు కూడా పట్టలేదు. గిలాబు గీకేసరికి మట్టితో పేర్చిన రాళ్ళు, పైన గిలాబు కింద దాచిన రాతి కమాను, రెండు వైపులా నున్నగా చెక్కిన అంచులు బయటపడ్డాయి. తాళం లేని దర్వాజ! బాలయ్య గడ్డపార పక్కన పడేసి రాళ్ళను చేతుల్తోనే తీశాడు. "గిట్ల కట్టినోని కాళ్ళు మొక్కాలె" అని పదిసార్లన్నా అన్నాడు. పాక తడికలు విప్పి దారి చేశాక లారీ వెనక గల్లీలోకి వచ్చింది. గుండ్రటి దుంగల మీద పాత మిషను ఇసుక మీదుగా దొర్లుకుంటూ బయటికి వచ్చింది, కొత్తది లోపలికి పోయింది. దీపాలు పెట్టేవేళకు అంతా అయిపోయింది. గోడను మళ్ళీ మట్టితోనే పేరుస్తామన్నాడు బాలయ్య. నేను స్టేషను దగ్గరి సత్రంలో పడుకున్నాను. అర్ధరూపాయికి చాపా, దిండూ ఇస్తారు. నల్లులు ఉచితం.

మంగళవారం పొద్దున పదింటికి మళ్ళీ వెళ్ళాను. వీధిలో కాలు పెట్టే చోటు లేదు. గొర్రెల మందలు, కుండలు, మిరపకాయల గోనెలు, బేరాలు. అవతలి వైపు రాళ్ళ మీద గొంగళ్ళు వేసుకుని గొల్లలూ కురుమలూ బారుగా కూర్చున్నారు. వాళ్ళ మధ్యన, చేతులు ఒళ్ళో పెట్టుకుని, సత్తెమ్మ గారు. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. "ఇక్కడ కూర్చున్నారేం అవ్వా?" అంటే "ఏడ కూసోవాలె మరి? గుంట లేకపాయె. చేతులకు పనిలేక బయటికొచ్చిన" అంది. నర్సయ్య గారు కమానులో నిలబడి ఆదివారం నాడే పాత మిషను మీద అచ్చేసిన పేపరు విప్పారు. వీధి దానంతటదే సద్దుమణిగింది. గొర్రెలకు టీకాలు ఎప్పుడు వేస్తారో, పల్లికాయ ధర ఎంతుందో, సాగరు కట్ట పనులకు కూలీలను ఎక్కడ తీసుకుంటున్నారో, ఒక్కొక్క మాటా పక్కన కూర్చుని చెబుతున్నట్టు మా చెవుల్లో పడుతోంది.

సత్తెమ్మ గారు నోరు తెరుచుకుని వింటోంది. కాసేపటికి నా మోచేయి పట్టుకుని "గింత మంచిగ ఇనవడ్తదా ఈడికి?" అంది.

"మీరెప్పుడూ వినలేదా?"

"ఏడ ఇంట? గా యాళ్ళకు నేను ఎనక గుంటలుంటి. లోపటికి ఒక్క ముక్క రాదు. నర్సయ్య బాపు ముప్పై ఏండ్ల దాక సదివిండు. సదివొచ్చి అన్నం తింటుండె, నేను పెడుతుంటి. ఏం సదివినవని నేను అడగలే, గాయిన జెప్పలే." అని, పక్కనున్న ముసలి గొల్లాయన వైపు తిరిగింది. "ఓ కొమురయ్యా, పెద్దాయిన గూడ గిట్లనే సదువుతుండెనా?"

"ఏడ గిట్ల అవ్వా? నర్సయ్య ఉరుకుతడు" అన్నాడు కొమురయ్య. "పెద్దాయిన అయితే ఒక్క ముక్క జెప్పి ఆగుతుండె. మాకు సమజయిందా లేదా అని మా మొకాలు సూసి, మల్ల మెల్లగ జెప్తుండె."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందనుకున్నాను. కళ్ళు నిండి ఉన్నాయి. "నాతోని గట్ల మెల్లగ ఏనాడు మాట్లాడకపాయె" అంది.

నేను మధ్యాహ్నం బండికి వచ్చేశాను. ఒక గోడ పోతుందంటే చూడటానికి వెళ్ళినవాణ్ణి. గోడ మిగిలింది, దాని బదులు ఏం పోయిందో కూడా కళ్ళారా చూసే వచ్చాను. కట్టడాలు చూడటానికి వెళ్ళేవాళ్ళం సాధారణంగా రాళ్ళు లెక్కపెట్టి, ఒంపులు గీసుకుని, భలే కట్టారని మెచ్చుకుని వస్తాం. ఆ ఇంట్లో ఎవరు ఎక్కడ కూర్చునేవాళ్ళో, అక్కడికి ఏం వినబడేదో, ఏం వినబడేది కాదో అడగం. నేనైతే ఇకమీద అడుగుతాను. మీరు వెళ్తే మంగళవారం నాడే వెళ్ళండి, పదింటిలోగా చేరండి. ఆ అరుగు చల్లగా, నున్నగా, రమ్మని పిలుస్తున్నట్టే ఉంటుంది గానీ దాని మీద మాత్రం కూర్చోకండి, అక్కడ ఏమీ వినబడదు. వీధి దాటి రాళ్ళ మీద కూర్చోండి. సత్తెమ్మ గారు అక్కడే ఉంటుంది, కాస్త జరగమంటే జరుగుతుంది.